ఇరవై రెండో పాఠం

సాయంత్రం ఆరులోపు ఆ ఒక్క పేరూ తీసేయండమ్మా అన్నారు దత్తాత్రేయులు గారు, చొక్కా మీద పడ్డ మెతుకు దులుపుకోమన్నంత తేలిగ్గా. ఆయన్ననుకుని ఏం లాభం, డిపార్ట్‌మెంట్ హెడ్డన్నాక పైనుంచి వచ్చింది కిందికి పంపడమే పని, పంపారు. రెండు నెలల కిందట చనిపోయిన కుర్రాడి పేరు రిపోర్టులో ‘యాక్టివ్’ అని పడుతోందట, పాఠాలు తొంభై నాలుగు శాతం చూసినట్టు లెక్క తేలుతోందట, బతికున్నవాళ్ళలో సగంమందికి అంత లేదట, యూనివర్సిటీ ఆఫీసువాళ్ళు ఫోన్ చేసి ఇదేం విడ్డూరమండీ అన్నారట. విడ్డూరమే మరి. ఉమాకుమారి సరే సార్ అని తలూపి, బ్యాగు భుజాన వేసుకుని, తాడేపల్లిగూడెం స్టేషన్లో ఎప్పటిలాగే నాలుగూ నలభై పాసింజరెక్కి, ఎప్పటిలాగే ఎడమవైపు కిటికీ దగ్గర కూలబడింది. ఏలూరు చేరేసరికి ఐదూ నలభై. ఫోన్లోనే అయిపోయే పని ఇది. పోర్టల్ తెరవడం, మూడో సంవత్సరం సివిల్, నీటిపారుదల ఇంజనీరింగు, విద్యార్థుల పట్టిక, వీరేంద్ర, పేరు పక్కన మూడు చుక్కలు, ‘రిమూవ్’. అరనిమిషం పట్టదు. ఆ అరనిమిషం పని ఇందాకట్నుంచీ ఆవిడ చేతుల్లో జరగడం లేదు.

బండి కదిలింది. బాదంపూడి దాటేదాకా ఫోన్ తియ్యకూడదని పెట్టుకుంది, ఎందుకంటే ఏమో, ఏదో ఒక హద్దు ఉండాలి కదా మనిషికి. సార్వా కోతలు ముమ్మరంగా ఉన్నాయి, పట్టాల పక్క రోడ్డుమీద సగం మేర ధాన్యం ఎండబోసి ఉంది, బరకాలు మడిచి రాళ్ళు పెట్టారు, ఒకావిడ కాళ్ళతో గింజల్ని దున్నుకుంటూ అటూ ఇటూ నడుస్తోంది. నీటిపారుదల పాఠం చెప్పే మనిషి పన్నెండేళ్ళుగా ఈ కిటికీలోంచే చూస్తోంది ఈ పొలాల్ని. ఒక్కరోజు దిగి కాలువ గట్టు మీద నడిచిన పాపాన పోలేదు. పుస్తకంలో బొమ్మ ఉంది, బొమ్మ స్లైడులో పెట్టింది, స్లైడు చదివింది, కెమెరా ముందు, ఖాళీ గదిలో. లాక్‌డౌన్లో మొదలైన అలవాటు, రోగం పోయింది గానీ అలవాటు పోలేదు, ఇప్పుడు మూడోవంతు పాఠాలు రికార్డింగులే, ముప్పై ఆరు వీడియోలు. ఖాళీ బెంచీలకేసి చూస్తూ ‘అర్థమైందా’ అని అడగడానికి మొదట్లో సిగ్గేసేది, తరవాత అదీ మానేసింది. వాళ్ళమ్మాయి మనస్వి ఇంటర్ చదువుతోంది, ఏ పాఠమైనా రెండింతల వేగంతో పెట్టి వింటుంది, అమ్మా నిన్ను మామూలు స్పీడులో వింటే నిద్రొచ్చేస్తుందే అని ఓసారి నవ్వింది కూడా. పిల్లలందరూ అంతే. పోర్టల్ అన్నీ రాసిపెడుతుంది, ఎవరు ఎప్పుడు తెరిచారు, ఎంత వేగంతో చూశారు, ఎక్కడ ముందుకు తోశారు. అరవైమందీ తోసేవాళ్ళే. ముప్పై ఎనిమిది నిమిషాల పాఠాన్ని పదకొండు నిమిషాల్లో మింగేసి ‘కంప్లీటెడ్’ అనిపించుకునే మొనగాళ్ళున్నారు క్లాసులో.

నవంబర్లో కదా ఆవిడ చూసింది, ఒక పేరు తెల్లవారుజామున నాలుగింటికి పాఠం తెరుస్తోందని. మళ్ళీ మధ్యాహ్నం ఒంటిగంటకి, అన్నం వేళకి. ఏ కుర్రాడు లేస్తాడు నాలుగింటికి? వేగం మామూలు వేగం. ఒక్కచోట తొయ్యలేదు. మొదటి సెకను నుంచి చివర ఆవిడ కెమెరా కట్టెయ్యడానికి ముందుకు వంగేదాకా, ఆ వంగడం కూడా, పూర్తిగా. పేరు చదివింది, మళ్ళీ చదివింది. వీరేంద్ర. ఎవడో వెధవ స్నేహితుడు వాడి లాగిన్‌తో ఆడుకుంటున్నాడనుకుంది, ఒళ్ళు మండిపోయింది, తెల్లారగానే దత్తాత్రేయులు గారికి చెప్పి తోలు ఒలిపించాలనుకుంది. చెప్పలేదు. చెబితే వీరేంద్ర సంగతి ఎత్తాలి, ఎత్తితే ఆ సాయంత్రం సంగతి వస్తుంది, ఆ సాయంత్రం సంగతి వస్తే ఆ మెయిల్… అమ్మో, దాని జోలికి ఇప్పుడొద్దు, ఇంకా ఉంగుటూరు కూడా రాలేదు.

శనక్కాయల పాపమ్మ బుట్ట దించుకుని ఎదురుగా కూర్చుంది. రోజూ ఈ బండే ఆవిడదీ. “ఏవండీ పంతులమ్మగారూ, ఒంట్లో బాలేదా, మొహం అలా పీక్కుపోయింది?” అంది. ఏం లేదు పాపమ్మా, తలనొప్పి అంది ఉమాకుమారి. “ఆ ఫోనేనండి. మా మనవరాలికీ అంతే. పారెయ్యండి అవతలికి,” అని పొట్లం కట్టి ఒళ్ళో పెట్టి, డబ్బులు రేపివ్వండి అని లేచి పోయింది. పారెయ్యడానికైతే ఎంతసేపు. పారేసినా పోర్టల్లో ఉంటుందిగా పేరు, ఆరుదాకా ఉంటుంది, ఆవిడ తీసేదాకా ఉంటుంది.

డౌట్స్ అని ఒక పెట్టె ఉంటుంది ప్రతి పాఠం కింద. ఏళ్ళ తరబడి అందులో ఎవరూ ఏమీ అడగలేదు, మేడం పీపీటీ పెట్టండి అన్న మాట తప్ప. అలాంటి పెట్టెలోకి ఇరవై ఆరో పాఠం కింద, వీరేంద్ర పేరుతో, తెలుగులో, తప్పులు దిద్దుకుంటూ దిద్దుకుంటూ కొట్టినట్టున్న అక్షరాలు వచ్చాయి. నమస్కారమండి మేడం గారు, నేను వీరేంద్ర నాన్నని, నరసరాజునండి, మీరు ఈ పాఠంలో కాలువ మొదట ఉన్న చేలకీ శివారు చేలకీ నీళ్ళు సమంగా అందేటట్టు లెక్క కడతారని చెప్పారండి, మాది కొల్లేటి దగ్గర శివారు భూమండి, నలభై ఏళ్ళలో నేనెప్పుడూ సమంగా చూడలేదండి, ఆ లెక్క ఎక్కడ తప్పిందో మీకు తెలిస్తే చెప్పండి, తొందరేం లేదండి. అది చదివినప్పుడు స్టాఫ్ రూములో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పన్నెండేళ్ళ ఉద్యోగంలో పాఠం గురించి పాఠంలోంచి వచ్చిన ప్రశ్న అదొక్కటే. నిజంగానే ఎక్కడ తప్పింది? పైవాళ్ళు మోటార్లు పెట్టి తోడుకుంటారని, కాలువ పూడిక తియ్యరని, చేపల చెరువులవాళ్ళు గండి కొట్టుకుంటారని, అవేవీ లెక్కలో ఉండవని ఆవిడకి తెలుసు. తెలిసీ ఏం రాసింది? ‘గమనించానండి, ధన్యవాదాలు’ అని రాసింది. ఛీ. ఆఫీసు కాగితానికి ముద్ర కొట్టినట్టు.

రెండోసారి ఆయనే రాశాడు, ముప్పయ్యో పాఠం దగ్గర. ఆవిడ అడగలేదు, ఎందుకు చూస్తున్నారండీ అని అడిగే మొహం లేదు ఆవిడకి, ఆయనే చెప్పుకున్నాడు. పెద్దకర్మ నాడు పంతులుగారు అన్నారట, అబ్బాయి సగంలో వదిలేసిన పనేదన్నా ఉంటే ఇంట్లోవాళ్ళు చేసి ముగించండి రాజుగారూ, వాడికి వెనక్కి చూసుకునే పని ఉండదు అని. వెతుక్కున్నారట వీరేంద్ర సగంలో ఏం వదిలాడా అని. చెరువు గట్టుమీద నాటుతానన్న కొబ్బరి మొక్కలు నాటేశారట. స్నేహితుడి దగ్గర తెచ్చుకున్న క్రికెట్ బ్యాటు ఇచ్చేశారట. వాళ్ళమ్మకి కళ్ళజోడు మార్పిస్తానన్నాడట, వాళ్ళమ్మ ఏలూరు వచ్చి మార్పించుకుందట, ఏడుస్తూ. ఇక మిగిలింది ఈ వీడియోలేనండి, సగంలో గీత ఆగిపోయి ఉంది, అది చివరిదాకా పచ్చగా అయితే వాడి చదువు వాడు ముగించినట్టేనని మా ఇద్దరి ఆశండి, నేను పదో తరగతి తప్పినవాణ్ని, అర్థమైనంత అర్థం చేసుకుంటూ చూస్తున్నానండి. పచ్చగీత. గడువు దాటాక చూస్తే ఆ గీత కదులుతుంది గానీ హాజరు పడదని, పడినా దాంతో ఎవరికీ ఏమీ రాదని, సెమిస్టర్ అయిపోగానే పాఠాలన్నీ మూతపడతాయని, అసలు ఆ గీత పచ్చగా ఉందో నల్లగా ఉందో యూనివర్సిటీలో ఒక్కరికీ పట్టదని ఎవరు చెప్పాలి ఆయనకి? ఆవిడ చెప్పలేదు. దానికి జవాబే ఇవ్వలేదు. అలా వదిలేస్తే అదే సర్దుకుంటుందని ఎదురుచూడటం ఆవిడ బుద్ధి, పుట్టు బుద్ధి, మొన్న అక్టోబర్లో కూడా అదే కదా చేసింది.

చేబ్రోలులో బండి ఆగింది. క్రాసింగు. ఆ రోజూ ఇక్కడే ఆగింది, ఈ బండి కాదు, మధ్యాహ్నం రెండూ యాభై బండి, ఆ రోజు పెందరాళే బయల్దేరింది ఆవిడ. మూడు రోజుల ముసురు. కిటికీ మూసినా జల్లు కొడుతోంది. ఒళ్ళో ఫోను టింగుమంది, మూడూ ఇరవైకి. మేడం, మా ఊళ్ళో రెండు రోజులుగా కరెంటు లేదు, టవరు కూడా పోయింది, ఇప్పుడు పక్కింటి మేడమీదకెక్కి ఈ మెయిల్ పంపుతున్నాను, వీడియో తిరగడం లేదు, ఇరవై రెండో వీడియో గడువు రేపటిదాకా పొడిగిస్తారా, నా హాజరు సరిగ్గా డెబ్బై ఐదు దగ్గర ఉంది, ఇది పోతే పరీక్షకి కూర్చోనివ్వరు, దయచేసి మేడం, వీరేంద్ర. చదివింది. మొత్తం చదివింది, చూడలేదని అనుకోవడానికి దారి లేదు, తెరిచినట్టు ఫోనే చెబుతుంది. చదివి ఏమనుకుంది? ఒక్కడికి పొడిగిస్తే అరవైమందీ మీద పడతారనుకుంది. వీళ్ళెప్పుడూ ఇంతే, చివరి గంటదాకా మేలుకోరు, కరెంటు లేదంటారు, టవరు లేదంటారు, తీరా చూస్తే సినిమా హాల్లో ఉంటారనుకుంది. వెంటనే, పోనీలే పాపం, ఇంటికెళ్ళి కాఫీ తాగి చూద్దాం, అనుకుంది కూడా. అదిగో, అదే చంపుతోంది ఆవిణ్ని. కాదు అనుకుని ఉంటే అదో కఠినమైన పంతులమ్మ, అంతటితో పోయేది. పొడిగిద్దామనే అనుకుంది. ఇంటికెళ్ళింది. కాఫీ తాగింది. మనస్వి రికార్డు బుక్కుకి అట్ట వేసింది. మర్చిపోయింది.

ఐదూ పన్నెండుకి వాడి పేరుతో ఆ పాఠం తెరుచుకుంది. చూసిన సమయం, సున్నా. అంటే మళ్ళీ మేడ ఎక్కాడు, మళ్ళీ ఆ గుండ్రం తిరిగింది తిరిగింది, రాలేదు. ఆవిడ దగ్గర్నుంచి ఏమైనా వచ్చిందేమోనని మెయిల్ కూడా చూసుకునే ఉంటాడు. ఆ తరవాత ఒంటిమీద వాళ్ళ నాన్న వానకోటు వేసుకుని స్కూటరు తీసి, మురుగు కాలువ వంతెన దగ్గర సిగ్నలొస్తుందని బయల్దేరాడు. చేపల లారీలు పొద్దస్తమానం తిరిగే రోడ్డు అది, ఐసు నీళ్ళు కారి కారి ఎండాకాలంలోనే జారుతుంది, ముసుర్లో ఇక చెప్పాలా. ఐదున్నరకి ఎవరో రైతు చూసి కేకేశాడట. వంతెనకి ఇంకా ఫర్లాంగు దూరముందట. లారీవాడు ఆగలేదు. ఏలూరు ఆస్పత్రికి తెచ్చేలోపే… ఆ సమయానికి ఆవిడ అదే ఏలూళ్ళో, ఆస్పత్రికి రెండు వీధుల అవతల, పకోడీల్లోకి ఉల్లిపాయలు తరుగుతోంది. వానకి పకోడీలు తినాలనిపించింది మరి. ఎంత బుద్ధిగా తరిగింది, సన్నగా, నిలువుగా. మరునాడు పొద్దున స్టాఫ్ గ్రూపులో ఫొటో చూసి, ఈ అబ్బాయి ఎవరు చెప్మా అని ఒక క్షణం పోల్చుకోలేదు కూడా. వీడియోల్లో ఆవిడ వాళ్ళకి కనపడుతుంది గానీ వాళ్ళెవరూ ఆవిడకి కనపడరు కదా.

ఎవరితోనైనా అన్నదా? లేదు. ఇంట్లో అనలేదు. డిపార్ట్‌మెంటంతా వ్యానులో వాళ్ళ ఊరెళ్ళినప్పుడు అందరితో పాటు వెళ్ళింది, అందరితో పాటు ఫొటోకి దణ్ణం పెట్టింది. నరసరాజు గారు గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళకి స్వయంగా మంచినీళ్ళిస్తున్నాడు. పెద్ద చేతులు, గ్లాసు ఆ చేతిలో పిసరంతగా ఉంది. ఈవిడ నీటిపారుదల మేడం గారండీ అని ఎవరో చెప్పగానే ఆయన రెండు చేతులూ జోడించి, ఆయ్, మీ పేరు చెప్పేవాడండి, కాలువల గురించి చెబుతారట కదండీ, మన పాఠమే నాన్నా అనేవాడండి, అన్నాడు. మన పాఠమే నాన్నా. ఆ క్షణంలో చెప్పెయ్యాలి మనిషన్నది. నోటిదాకా వచ్చింది కూడా. వెనక దత్తాత్రేయులు గారు, పక్కన ఏడుస్తున్న వాళ్ళమ్మ, వ్యానువాడి హారను. నీళ్ళు తాగి గ్లాసు తిరిగిచ్చేసి వచ్చింది. ఆ మెయిల్ ఇప్పటికీ ఫోన్లో ఉంది. తుడిచెయ్యలేదు, తుడిచెయ్యాలని రెండుసార్లు వేలు పెట్టింది, అబద్ధమెందుకు. తుడిస్తే ఇంక ఎవరికీ తెలియదు, వాడు అడిగాడన్న సంగతి ఈ భూమ్మీద ఆవిడకొక్కదానికే తెలుసు, వాడికీ ఆవిడకీ, వాడు లేడు.

భీమడోలు. ఎడమవైపు పొలాలు అయిపోయి చేపల చెరువులు మొదలయ్యాయి, వాటి మీద ఎండ ఏటవాలుగా పడి కళ్ళలోకి కొడుతోంది, ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. ఇటునుంచి దిగువకి పోతే వాళ్ళ ఊరు. దిగిపోతేనో? దిగి ఆటో కట్టించుకుని వెళ్తే ముప్పావుగంట. వెళ్ళి? వెళ్ళి ఏమని? బండి కదిలిపోయింది, హమ్మయ్య అనుకుంది, అనుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. ఐదూ పన్నెండు. దేవుడా, సరిగ్గా ఐదూ పన్నెండు. ఇక పోర్టల్ తెరిచింది. పట్టికలో పేరు చివర్నుంచి మూడోది. ముప్పై నాలుగు పాఠాలు అయ్యాయి, మిగిలింది రెండు. ఆరులోపు తీసేస్తే ఆయన రేపు తెల్లవారుజామున నాలుగింటికి లేచి, మొహం కడుక్కుని, కొడుకు ఫోను తీసి ముప్పై ఐదో పాఠం నొక్కుతాడు. మీకు అనుమతి లేదు అని ఇంగ్లీషులో వస్తుంది. నేనే ఏదో తప్పు నొక్కినట్టున్నానని మళ్ళీ నొక్కుతాడు. మళ్ళీ మళ్ళీ నొక్కుతాడు, కోతలకి మనుషులొచ్చేదాకా నొక్కుతాడు. తన వల్లే ఆగిపోయిందనుకుంటాడు, అలాంటి మనిషి ఆయన.

మూడు చుక్కలు నొక్కింది. రిమూవ్ అని వచ్చింది, దాని పైన ఇంకోటి, గడువు మార్చు అని. ఎప్పట్నుంచో ఉందది అక్కడే. నొక్కింది. తారీకు అడిగింది. ఈ నెలాఖరు పెట్టింది. అంతే, ఆకుపచ్చ టిక్కు పడిపోయింది. ఎంతసేపు పట్టింది? నాలుగు సెకన్లో, ఐదు సెకన్లో. ఎవరూ అడ్డుపడలేదు, సంతకం అడగలేదు, బండి ఆగలేదు. అరవైమందీ మీద పడలేదు. ఉల్లిపాయ ఒక్కటి తరిగినంతసేపు కూడా పట్టలేదు. ఉమాకుమారి ఫోను ఒళ్ళో బోర్లించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పెట్టెలో జనం చూస్తున్నా సరే, వెక్కి వెక్కి ఏడ్చింది. రేపు దత్తాత్రేయులు గారు ఏమంటారో అననీ. ఏమైనా అననీ.

దెందులూరు దగ్గర ఫోను మోగినట్టయింది, చూస్తే మోగలేదు, డౌట్స్ పెట్టెలో ఒకటి పడింది. వీరేంద్ర పేరు. కళ్ళు తుడుచుకుని చదివింది.

మేడం గారికి నమస్కారమండి. ఇంక రెండే ఉన్నాయండి. ముగించే ముందు ఒక్కటి అడగాలనిపించిందండి. మావాడు ఇరవై రెండో పాఠం దగ్గర ఆగిపోయాడండి, దానికోసమే ఆ వేళ వంతెనకి బయల్దేరాడండి. అది నేను పదకొండు సార్లు చూశానండి. తూముల గురించేనండి అంతా. తూము ఎలా కడతారు, ఎంత నీరు వదులుతుంది అని చెప్పారండి. మా తూము మీద కూర్చునే పెరిగాడండి వాడు. ఏటా నాతో పాటు దిగి పూడిక తీస్తాడండి, ఎంత ఎత్తు లేపితే ఎంత నీరొస్తుందో కళ్ళు మూసుకుని చెబుతాడండి. వద్దురా వాన అంటే, లేదు నాన్నా చూడాలి అన్నాడండి. అంత వానలో వెళ్ళి చూడవలసింది అందులో ఏముందో నాకు అంతుపట్టలేదండి. చదువులేనివాణ్ని, నాకు తెలియనిది ఏదో ఉండే ఉంటుందండి. వాళ్ళమ్మ రోజూ అడుగుతోందండి. మీరు చెబితే దానికి చెబుతానండి.

ఏం చెప్పిందా పాఠంలో? గుర్తుంది, బాగా గుర్తుంది, మొదటి నాలుగు నిమిషాలూ ప్రొజెక్టరు పనిచెయ్యక ఆవిడ తీగలు కదుపుతుంటుంది, తరవాత స్లైడు చదువుతుంది, ఒకచోట లెక్క తప్పు చేసి మళ్ళీ దిద్దుకుంటుంది. పదకొండు సార్లు. ఆ తీగలు కదపడంతో సహా పదకొండు సార్లు, అందులో కొడుకు ప్రాణానికి విలువైనదేదో వెతుక్కుంటూ. క్లాసు పట్టికలో తండ్రి నంబరుంది. నొక్కేసింది. ఆలోచిస్తే నొక్కనని తెలుసు కాబట్టి నొక్కేసింది.

“ఎవరండీ?” వెనకాల కోత మిషను రొద.

“నరసరాజు గారా అండీ, నేను ఉమాకుమారినండీ, కాలేజీ నుంచి.”

“ఆయ్, మేడం గారా అండీ! ఉండండుండండి. ఒరేయ్, మిషనాపండ్రా కాసేపు!” రొద ఆగింది. “చెప్పండమ్మా. మీరు ఫోన్ చేయడమేంటండీ, నేనే వచ్చేవాణ్ని కదండీ.”

“ఆ పాఠంలో ఏమీ లేదండీ.”

“అలా అనకండి. బాగా చెప్పారండి.”

“లేదండీ. నిజంగా ఏమీ లేదండీ. ఆ రోజు ఆరింటికి గడువు పెట్టానండీ నేను. ఆరులోపు చూడకపోతే హాజరు పోతుంది, హాజరు పోతే పరీక్ష పోతుంది. దానికోసం వెళ్ళాడండీ. పాఠం కోసం కాదండీ.”

ఏలూరు వస్తోందని జనం తలుపు దగ్గరికి లేస్తున్నారు.

“అదాండీ,” అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపముంటే బాగుణ్ణనిపించింది ఆవిడకి. “ఆ గడువు మీ చేతిలో ఉండదేమోలెండి, పైవాళ్ళదేమో.”

“నా చేతిలోనే ఉంటుందండీ.”

“అయితే మావాడిదే తప్పండి,” అన్నాడు నరసరాజు, ఆవిణ్ని ఓదారుస్తున్నట్టుగా. “మొహమాటం మనిషండీ వాడు. చిన్నప్పట్నుంచీ అంతే, కంచంలో అన్నం చాలకపోయినా నోరు విప్పి అడిగేవాడు కాదండీ, వాళ్ళమ్మే చూసుకుని పెట్టాలి. మీరు బాధపడకండమ్మా. ఒక్క మాట అడిగుంటే మీరు కాదనేవారా అండీ? అడగలేదు వాడు. అదీ వాడి ఖర్మ.”

ఔనండీ అంటే చాలు. లేదా ఏమీ అనకుండా ఊరుకుంటే చాలు, ఊరుకోవడం ఆవిడకి చేతనైన పనే. ఆయన రేపు వాళ్ళావిడకి అదే చెబుతాడు, అడగలేకపోయాడే పిచ్చి వెధవ అని, ఇద్దరూ కొడుకు మొహమాటాన్ని తలుచుకుని ఏడుస్తారు, మిగిలిన రెండు పాఠాలూ చూసి పచ్చగీత ముగిస్తారు, ఇంకెప్పుడూ ఆవిణ్ని ఏమీ అడగరు.

“అడిగాడండీ,” అంది ఉమాకుమారి.